టోనీ రాత్రి జోస్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల మొదట్లో టోనీ నామినేషన్లు వచ్చాయంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. న్యూజెర్సీలో మేం ఏడెనిమిది కుటుంబాల వాళ్ళం ఏటా జూన్‌లో ఆ ఆదివారం రాత్రి ఒకరింట్లో చేరతాం. ఎవరు గెలుస్తారో చీటీల మీద రాసుకుని, టీవీ ముందు కూర్చుని, ఒకరి మీద ఒకరు అరుచుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే విడివిడిగా జవాబు చెప్పలేక అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఆస్కార్ తెలుసు. ఈ టోనీ ఏమిటి?

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే అవార్డు. ఆంటోనెట్ పెరీ అనే నటి, దర్శకురాలి ముద్దుపేరు టోనీ. ఆవిడ పోయిన మరుసటి ఏడాది, 1947 ఏప్రిల్ 6న, వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో మొదటిసారి ఇచ్చారు. అమెరికన్ థియేటర్ వింగ్, బ్రాడ్‌వే లీగ్ అనే రెండు సంస్థలు కలిసి నడుపుతాయి. ఇప్పుడు పోటీ ఉండే విభాగాలు 26.

బ్రాడ్‌వే అంటే ఆ పేరున్న రోడ్డు మీద ఉన్న హాలు అని చాలామంది అనుకుంటారు. కాదు. మన్‌హాటన్‌లో 500 సీట్లు, ఆపైన ఉన్న 41 థియేటర్లకు ఆ గుర్తింపు ఉంది. వాటిలో చాలావరకు పక్క వీధుల్లోనే ఉంటాయి. 499 సీట్ల హాల్లో ఎంత గొప్ప నాటకం ఆడినా అది ఆఫ్ బ్రాడ్‌వే కిందకే వస్తుంది, దానికి టోనీ రాదు.

మేం ఓటెయ్యొచ్చా?

వెయ్యలేం. అభిమానుల ఓట్లతో ఇచ్చే అవార్డులు వేరే ఉన్నాయి, టోనీ ఆ కోవది కాదు. ముందు కొన్ని పదుల మంది ఉన్న నామినేటింగ్ కమిటీ ఆ సీజన్లో వచ్చిన షోలన్నీ చూసి నామినీలను తేలుస్తుంది. ఆ తర్వాత 800 మందికి పైగా ఓటర్లు విజేతలను ఎన్నుకుంటారు. నిర్మాతలు, థియేటర్ యజమానులు, నటులు, దర్శకులు, డిజైనర్లు, రంగస్థల సంఘాల పెద్దలు, ఇంకా ఊరూరా టూరింగ్ షోలు తెప్పించుకునే హాళ్ళ నిర్వాహకులు వీళ్ళలో ఉంటారు. ఒక విభాగంలో ఓటెయ్యాలంటే అందులో నామినేట్ అయినవన్నీ చూసి ఉండాలన్నది నియమం.

మా పిన్నిది తెనాలి. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు. చిన్నప్పటి నుంచి పరిషత్తు పోటీలు చూసిన మనిషి. ఒక వేసవిలో మా ఇంటికొచ్చి మాతో పాటు టోనీ చూస్తూ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "జడ్జీలు ఏ వరసలో కూర్చున్నారే?" అని. పరిషత్తులో జడ్జీలు ముగ్గురూ హాల్లోనే, అందరికీ కనిపించేలా కాగితాలు పెట్టుకుని కూర్చుంటారు. ఎవరు నవ్వారు, ఎవరు పెన్ను కింద పెట్టారు అని వెనక వరసల్లో వాళ్ళు లెక్కలు వేసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. 800 మంది వేర్వేరు రోజుల్లో, మామూలు ప్రేక్షకుల మధ్య కూర్చుని చూసి వెళ్ళిపోయారు. మీ పక్క సీట్లో ఆవలించినాయన ఓటరేమో మీకు తెలియదు.

చీటీలో రెండు గళ్ళు ఎందుకు?

కొత్తవాళ్ళందరూ తడబడేది ఇక్కడే. మొదటి గడిలో "గెలిచేది", రెండో గడిలో "గెలవాల్సింది". మార్కులు మొదటి గడికే. రెండోది మీ మనసు కోసం. ఆ గడి లేకపోతే మీ అభిమానం అంతా మొదటి గడిలోకి దూరిపోయి మార్కులు పోతాయి. నేను ఈ ఆట మొదలుపెట్టిన ఏడాది ఒకటే గడి ఉండేది. 26లో నాకు 11 వచ్చాయి. నా తప్పులన్నీ నాకిష్టమైన వాళ్ళ దగ్గరే.

మొదటి గడి నింపేటప్పుడు మీరు ప్రేక్షకులు కాదు, ఓటరు గణకులు. ఈ 800 మందికి ఏం కావాలి అన్నదే ప్రశ్న. ఎన్నికల ముందు మనవాళ్ళు టీ కొట్టు దగ్గర మండలాల వారీగా లెక్కలు చెప్పినట్టు అన్నమాట.

ఓటర్లకు ఏం కావాలో మనకెలా తెలుస్తుంది?

పూర్తిగా తెలియదు. ఓట్ల సంఖ్యలు ఏనాడూ బయటపెట్టరు. కాకపోతే పాత ఫలితాలు కొంత చెబుతాయి.

అందరూ మొదట చెప్పే కథ 2004ది. ఆ ఏడాది వికెడ్ పెద్ద షో. పెద్ద సెట్లు, నిండు హాళ్ళు, 10 నామినేషన్లు. దానికి పోటీగా అవెన్యూ క్యూ అనే చిన్న చేతిబొమ్మల మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం. అమెరికా అధ్యక్ష ఎన్నికల ఏడాది కావడంతో వాళ్ళు ఎన్నికల ప్రచారాన్నే వెక్కిరిస్తూ "మీ మనసుకు ఓటెయ్యండి" అని ప్రచారం చేశారు. ఉత్తమ మ్యూజికల్, స్క్రిప్టు, సంగీతం మూడూ అవెన్యూ క్యూ ఎగరేసుకుపోయింది. వికెడ్‌కు ఉత్తమ నటి, సెట్, దుస్తులు మాత్రం మిగిలాయి. వికెడ్ అభిమానులు ఈరోజుకీ దాన్ని మర్చిపోలేదు. మా బృందంలో ఒకావిడ ముందు ఆ పేరెత్తితే భోజనం చల్లారిపోతుంది.

ఆ కథకు రెండో సగం ఉంది, జోస్యం చెప్పేవాళ్ళకు అదే ముఖ్యం. గెలిచిన కొద్ది రోజులకే అవెన్యూ క్యూ వాళ్ళు ఊరూరా టూర్ మానేసి లాస్ వేగాస్‌లో ఒక్కచోటే ఆడతామని ప్రకటించారు. టూరింగ్ హాళ్ళ నిర్వాహకులకు ఒళ్ళు మండింది. వాళ్ళూ ఓటర్లే కదా! తమ ఊళ్ళో టికెట్లు అమ్ముడుపోయే షోకే వాళ్ళు ఓటేస్తారన్న వాదన అప్పటి నుంచి బలపడింది. దీన్నే మేం "రోడ్డు ఓటు" అంటాం.

అయితే రోడ్డు ఓటే గెలిపిస్తుందా?

2013లో కింకీ బూట్స్ మటిల్డా మీద గెలిచినప్పుడు అందరూ అదే అన్నారు. కానీ 2015లో యాన్ అమెరికన్ ఇన్ ప్యారిస్ టూర్‌కు ఎంతో అనువైన షో, అయినా గెలిచింది ఫన్ హోమ్. 2018లో ద బ్యాండ్స్ విజిట్ 11 నామినేషన్లకు 10 గెలిచింది. మాటల కన్నా మౌనం ఎక్కువున్న షో అది. 2022లో ఎ స్ట్రేంజ్ లూప్, 2023లో కింబర్లీ అకింబో, 2025లో మేబీ హ్యాపీ ఎండింగ్. ఈ వరస చూస్తే చిన్న షో, మంచి స్క్రిప్టు ఉన్న దాని వైపే ఓటు ఒరుగుతోంది. నా మటుకు నేను రోడ్డు ఓటు వాదనను మూడొంతులు పక్కన పెట్టేశాను. మా ఇంట్లో ఆయన ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు, ఏటా రెండు మార్కులు పోగొట్టుకుంటున్నారు.

మేబీ హ్యాపీ ఎండింగ్ గురించి ఒక మాట. సియోల్‌లో రిటైరైన రెండు సహాయక రోబోల ప్రేమకథ. మొదట కొరియాలో ఆడింది. 2024 శరదృతువులో బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు టికెట్లు సరిగా తెగలేదు. చూసినవాళ్ళు పది మందికి చెప్పి, ఆ పది మంది మళ్ళీ చూసి దాన్ని నిలబెట్టారు. మరుసటి జూన్‌లో ఆరు టోనీలు తీసుకుంది. అభిమానుల చేతిలో ఓటు లేదన్నాను కదా, ఓటింగ్ దాకా షోని బతికించి ఉంచడం మాత్రం వాళ్ళ చేతిలోనే ఉందని ఆ ఏడాది ఒప్పుకోవాల్సి వచ్చింది.

నామినేషన్లు ఎక్కువ వస్తే గెలుపు ఖాయమేనా?

ఈ ఆశతోనే పిల్లలు మొదటి ఏడాది చీటీ నింపుతారు. 2011లో ద స్కాట్స్‌బొరో బాయ్స్‌కు 12 నామినేషన్లు, ఒక్కటీ రాలేదు. 2018లో మీన్ గర్ల్స్‌కూ 12, సున్నా. కోవిడ్ వల్ల ఆలస్యమై 2021 సెప్టెంబర్‌లో జరిగిన వేడుకలో స్లేవ్ ప్లే అనే నాటకానికి 12, మళ్ళీ సున్నా. అదే రాత్రి ఎ క్రిస్మస్ కరోల్ ఐదు నామినేషన్లకు ఐదూ గెలుచుకుని ఇంటికెళ్ళింది.

ఎన్ని నామినేషన్లు అన్నదాని కన్నా ఏ విభాగాల్లో అన్నది చూడండి. 2016లో హ్యామిల్టన్‌కు 16 నామినేషన్లు, అప్పటికి ఏ షోకీ అన్ని రాలేదు. 2001లో ద ప్రొడ్యూసర్స్ గెలిచిన 12 టోనీల రికార్డు బద్దలవుతుందా అని ఊరంతా లెక్కలే. 16కి 16 వస్తాయని మా ఇంట్లో ఒకబ్బాయి పందెం కట్టాడు. కానీ ఉత్తమ నటుడు విభాగంలో ఇద్దరు, సహాయ నటుడు విభాగంలో ముగ్గురు ఆ షో వాళ్ళే. అంటే ఎంత గెలిచినా 13కి మించదు. చివరికి వచ్చినవి 11. పోయిన రెండూ ఉత్తమ నటి, సెట్ డిజైన్. నటి అవార్డు ద కలర్ పర్పుల్‌లో చేసిన సింథియా ఎరీవోకు, సెట్ అవార్డు షీ లవ్స్ మీకి వెళ్ళాయి. రికార్డు ఒక్కటి తేడాతో నిలిచింది.

ఒకే షో నుంచి ఇద్దరు ఒకే విభాగంలో ఉంటే ఓట్లు చీలవా?

చీలుతాయని ఏటా ఎవరో ఒకరు గంభీరంగా చెబుతారు. అదే హ్యామిల్టన్‌లో లెస్లీ ఓడమ్ జూనియర్, లిన్ మాన్యువల్ మిరాండా ఒకరికొకరు పోటీ, ఓడమ్ గెలిచాడు. ముగ్గురు పోటీపడిన దగ్గర డవీడ్ డిగ్స్ గెలిచాడు. ఓటర్లు ఒక షోని నిజంగా ప్రేమిస్తే అందులో ఎవరో ఒకరి చుట్టూ చేరిపోతారు. ప్రేమ అంతంతమాత్రంగా ఉన్నప్పుడే చీలిక పనిచేస్తుంది.

లీడింగ్, ఫీచర్డ్ అంటే హీరో, క్యారెక్టర్ ఆర్టిస్టు అనుకోవచ్చా?

ఇంచుమించు. పోస్టర్ మీద నాటకం పేరుకు పైన ఎవరి పేరుంటే వాళ్ళు లీడింగ్, కింద ఉంటే ఫీచర్డ్. నిర్మాతలు అడిగితే టోనీ పాలక కమిటీ దీన్ని మార్చవచ్చు. గట్టి పోటీ తప్పించుకోవడానికి ఈ దారి ఉపయోగపడుతుందని మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

డ్రామా డెస్క్, అవుటర్ క్రిటిక్స్ ఫలితాలు చూసి చీటీ నింపెయ్యొచ్చా?

చూడండి కానీ కాపీ కొట్టకండి. అవి విమర్శకులు, పాత్రికేయులు ఇచ్చే అవార్డులు. టోనీ ఇచ్చేది ఎక్కువగా నాటకరంగంలో పనిచేసేవాళ్ళు. పైగా డ్రామా డెస్క్ ఆఫ్ బ్రాడ్‌వేని కూడా కలుపుకుంటుంది, 2023 నుంచి నటులు, నటీమణులు అని విడదీయకుండా ఒక్కో విభాగంలో ఇద్దరు విజేతలను ప్రకటిస్తోంది. అలాంటి ఫలితాన్ని టోనీ లెక్కలోకి మార్చుకోవాలంటే తల వాస్తుంది.

నిలబడి చప్పట్లు కొడితే దానికి లెక్క లేదా?

లేదు. మన పద్యనాటకంలో వన్స్‌మోర్ పడిందంటే దానికో అర్థం ఉంది, పడనివాళ్ళకు పడదు. బ్రాడ్‌వేలో ప్రతి రాత్రీ, ప్రతి షోకీ, వర్షానికి తడిసొచ్చిన జనం కూడా లేచి నిలబడతారు.

షోలు చూడకుండా జోస్యం చెప్పొచ్చా? టికెట్లు చూస్తే గుండె ఆగిపోతోంది.

చెప్పొచ్చు. మా బృందంలో సగం మంది అంతే. ఆల్బమ్‌లు వినండి, సమీక్షలు చదవండి. కొంచెం ఓపిక ఉంటే చాలా షోలకు రోజువారీ లాటరీలు, ఉదయం పూట ఇచ్చే రష్ టికెట్లు ఉంటాయి. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్‌లో అదే రోజు షోలకు తగ్గింపు దొరుకుతుంది. ఎడిసన్‌లో రైలెక్కితే పెన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇంటి నుంచి పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి, థియేటర్ బార్‌లో నీళ్ళ సీసా ధర విని నేను ఒకసారి సీసా వెనక్కిచ్చేశాను.

డిజైన్ విభాగాలు నింపలేకపోతున్నాం. లైటింగ్ గురించి మాకేం తెలుసు?

ఎవరికీ పెద్దగా తెలియదు, అందుకే మార్కులు గెలిచేదీ ఓడేదీ అక్కడే. ఎనిమిది డిజైన్ విభాగాలున్నాయి. బెస్ట్ మ్యూజికల్ అందరూ సరిగ్గానే రాస్తారు, నాటకాల సౌండ్ డిజైన్ దగ్గర తప్పుతారు. నా సూత్రం మోటుది. ఓటరు ఇంటికెళ్ళి భార్యకో భర్తకో ఏ దృశ్యం గురించి చెబుతాడో దానికే రాయండి. 2023లో లైఫ్ ఆఫ్ పై బెస్ట్ ప్లే పోటీలోనే లేదు. కానీ వేదిక మీద సముద్రం, పడవ, పులి. సెట్, లైటింగ్, సౌండ్ మూడూ దానికే వచ్చాయి.

మనవాళ్ళెవరైనా ఉన్నారా?

ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో బాంబే డ్రీమ్స్ 2004లో బ్రాడ్‌వేకి వచ్చింది. నృత్య దర్శకత్వానికి ఆంథొనీ వాన్ లాస్ట్‌తో కలిసి ఫరా ఖాన్ టోనీకి నామినేట్ అయింది. గెలవలేదు. ఆ ఏడాది నేనింకా హైదరాబాద్‌లో ఉన్నాను, లేకపోతే రెండు గళ్ళలోనూ ఆవిడ పేరే రాసేదాన్ని.

టై అవుతుందా? అయితే మార్కులు ఎవరికి?

అరుదుగా అవుతుంది. 1960లో బెస్ట్ మ్యూజికల్‌ను ఫియోరెల్లో, ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ పంచుకున్నాయి. 1993లో సంగీతానికి కూడా టై వచ్చింది. మా ఆటలో ఇద్దరిలో ఎవరి పేరు రాసినా మార్కు ఇస్తాం.

ఒక్కరే పోటీలో ఉంటే ఓటింగ్ ఎందుకు?

ఈ ప్రశ్న 2021 వేడుకప్పుడు వచ్చింది. సీజన్ మధ్యలో ఆగిపోవడంతో మ్యూజికల్‌లో ఉత్తమ నటుడికి మూలాన్ రూజ్ నుంచి ఆరన్ ట్వీట్ ఒక్కడే నామినీ. అయినా 60 శాతం ఓట్లు రావాలని నియమం పెట్టారు. వచ్చాయి. అంత సులువైన గడిని కూడా మాలో ఒకాయన "ఎవరికీ రాదు" అని రాసి పోగొట్టుకున్నాడు.

2025లో ఉత్తమ నటి దగ్గర మీ ఇంట్లో గొడవ జరిగిందట కదా?

జరిగింది. జిప్సీలో ఆడ్రా మెక్‌డొనాల్డ్. అప్పటికే ఆరు టోనీలు, నాలుగు నటనా విభాగాల్లోనూ గెలిచిన మనిషి. ఇంకోపక్క సన్‌సెట్ బులవార్డ్‌లో నికోల్ షెర్జింగర్. లండన్‌లో అదే పాత్రకు ఒలివియే అవార్డు తీసుకుని వచ్చింది, బ్రాడ్‌వేలో మొదటి పాత్ర. మధ్యలో డెత్ బికమ్స్ హర్ నుంచి ఇద్దరు, బూప్ నుంచి జాస్మిన్ ఏమీ రోజర్స్. నెల రోజులు వాట్సాప్‌లో ఆడ్రా పక్షం, నికోల్ పక్షం అని చీలిపోయాం. ఒకరింటి పుట్టినరోజుకు ఇంకొకరు రానంత దాకా వచ్చింది.

నేను గెలిచేది గడిలో ఆడ్రా, గెలవాల్సింది గడిలో జాస్మిన్ రాశాను. నికోల్ గెలిచింది. రెండు గళ్ళూ పోయాయి.

తర్వాత ఆలోచిస్తే ఆనవాళ్ళు కనిపించాయి. జిప్సీకి వచ్చిన నామినేషన్లు ఐదే, చివరికి ఒక్కటీ గెలవలేదు. సన్‌సెట్‌కు ఉత్తమ రివైవల్ (పాత షోని మళ్ళీ వేదిక మీదకు తెస్తే ఇచ్చేది) కూడా వచ్చింది. ఓటర్లకు ఏ షో నచ్చిందో చూడకుండా ఆడ్రా బీరువాలో ఉన్న టోనీలు లెక్కపెట్టాను. నా పొరపాటు అది.

మా షో ఓడిపోయింది. చాలా బాధగా ఉంది.

ఆ బాధ ఉత్తిది కాదు. టోనీ వస్తే టికెట్లు తెగుతాయి, రాకపోతే చాలా షోలకు వేసవి గడవదు. 2025లో డెడ్ అవుట్‌లాకు ఏడు నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదు. జూన్ 8న వేడుక, జూన్ 29న ఆఖరి ఆట. కాబట్టి మీకు నచ్చిన షో ఓడిపోతే సోమవారం పొద్దున్నే కోపం పోస్టులు పెట్టే బదులు టికెట్ కొనండి. ఆ వారం దానికి అవసరం.

గెలిచినవాళ్ళ పేజీకి వెళ్ళి తిట్టడం మాత్రం మా బృందంలో నిషేధం. ఒకమ్మాయి అలా చేసి, పొద్దున్నే సిగ్గుపడి తీసేసింది. గెలిచినవాళ్ళు తమకు తాము ఓటేసుకుని గెలవలేదు కదా.

ఓడినవి అన్నీ పోవు కూడా. మెరిలీ వీ రోల్ అలాంగ్ 1981లో 16 ఆటలకే మూతపడింది. 2024లో అదే ఉత్తమ రివైవల్‌గా గెలిచింది. వికెడ్ సంగతి సరేసరి. 2003లో గెర్ష్విన్ థియేటర్‌లో మొదలై ఇంకా ఆడుతూనే ఉంది, దాన్ని ఓడించిన అవెన్యూ క్యూ బ్రాడ్‌వేలో 2009కే ముగిసింది. మా వికెడ్ ఆవిడకు ఈ సంగతి ఏటా గుర్తు చేస్తాం. ఏటా ఆవిడ, "అయినా సరే" అంటుంది.

ఇండియా నుంచి మా అమ్మావాళ్ళు కూడా ఆడతామంటున్నారు. అక్కడ ఎన్ని గంటలకు?

ఇక్కడ ఆదివారం రాత్రి 8 అంటే అక్కడ సోమవారం తెల్లవారి 5:30. కాఫీ టైమ్. చీటీ ఫొటో తీసి ముందే పంపమనండి.

చీటీలు ఎప్పటిలోగా ఇవ్వాలి?

సాయంత్రం ఆరున్నరకల్లా. డిజైన్ అవార్డులు చాలావరకు అసలు ప్రసారానికి ముందే ఆన్‌లైన్‌లో ఇచ్చేస్తున్నారు, ఎనిమిదికి వచ్చి కూర్చుని "ఇంకా నింపలేదు" అంటే కుదరదు. పెన్నుతో రాయండి, పెన్సిల్ ఒప్పుకోం. బెస్ట్ మ్యూజికల్‌కు మూడు మార్కులు, బెస్ట్ ప్లేకి రెండు, మిగతావాటికి ఒకటి. మార్కులు సమానమైతే వేడుక ఎన్ని గంటలకు ముగుస్తుందో ఎవరు దగ్గరగా చెప్పారో వాళ్ళదే గెలుపు, కాబట్టి చీటీ కింద టైమ్ వెయ్యడం మర్చిపోకండి. డబ్బు పందేలు లేవు. గెలిచినవాళ్ళు వచ్చే సీజన్లో అందరం కలిసి ఏ షోకి వెళ్ళాలో చెబుతారు. ఆఖరి స్థానంలో వచ్చినవాళ్ళు లాటరీకి రోజూ పొద్దున్నే పేర్లు ఎక్కించాలి. ఈసారి ఆ పని నాది.